పడవలో నీళ్ళు పోసి చూసిన రోజు

ఏ వస్తువు కొనడానికి వెళ్ళినా అది బాగుండాలని మొక్కుకుంటారు ఎవరైనా. నేను మాత్రం ఆ రోజు పొద్దున్నే తలస్నానం చేసి, కోటప్పకొండ ఉన్న దిక్కుకు తిరిగి, "స్వామీ, ఆ పడవలో ఏదో ఒక లోపం కనపడేట్టు చెయ్యి. శివరాత్రికి కొండకు నడిచొస్తా" అని మొక్కుకున్నాను. మా ఆయన వెనకాల నిలబడి చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు.

"ఏం మొక్కుకున్నావే?"

"అంతా మంచి జరగాలని."

అందులో అబద్ధం ఏమీ లేదు. నాకు మంచి అనిపించింది అదే.

మాది గురజాల వైపు, కృష్ణ ఒడ్డు ఊరు. దిగువన రిజర్వాయరు నిండితే ఆ నీళ్ళు వెనక్కి ఎక్కి మా ఊరి దాకా వస్తాయి. వచ్చి మా మిరప చేను చుట్టూ నిలబడతాయి. ఎకరంన్నర మిట్ట మాది. చేను మునగదు, చేనుకు పోయే దారి మునుగుతుంది. ఎండాకాలం ట్రాక్టరు మీద పోయే చోటికి వానలు మొదలయ్యాక పుట్టి ఎక్కి పోవాలి. వెదురుతో అల్లి, కింద తారు పూసిన గుండ్రటి పుట్టి. మొక్క నాటిన దగ్గర్నుంచి కాయ కోసేదాకా అందులోనే రాకపోకలు.

పోయినేడు ఆ పుట్టి మా ఆయన్ని వేసుకుని తిరగబడింది. ఎరువు బస్తాలు పెట్టుకుని ఒక్కడే పోతున్నాడు. నడినీళ్ళలో గాలి లేచిందట. అవతల ఒడ్డున తెలంగాణ వైపు వల వేసుకుంటున్నవాళ్ళు చూసి, వచ్చి లాగారు. ఆ సాయంత్రం ఎవరిదో లుంగీ కట్టుకుని, కాళ్ళకు చెప్పుల్లేకుండా గుమ్మంలో నిలబడ్డాడు. "ఏందయ్యా, ఏమైంది?" అని భుజాలు పట్టుకుని ఊపాను. "పుట్టి తిరగబడింది. బస్తాలు పోయినయ్" అన్నాడు. ఎన్నిసార్లు అడిగినా బస్తాల సంగతే.

ఆ తర్వాత మిట్ట మీదకు పోలేదు. కూలీలనే పంపించాడు. వాళ్ళు వచ్చిన రోజు వచ్చారు, రాని రోజు లేదు, పంట సగం చెట్టు మీదే ఎండిపోయింది. ఇంట్లో టీవీ ముందు కూర్చునేవాడు. ఏ చానలో కూడా తెలియకుండా చూసేవాడు. గట్టిగా మాట్లాడే మనిషి, పక్కింటి కోడిపుంజును కూడా పిలిచి తిట్టే మనిషి, గోడకు ఆనుకుని అట్లా ఉండిపోతే చూడలేక చచ్చాను. ఈ ఏడు తొలకరి పడగానే ఒక రోజు ఉన్నట్టుండి, "ఇంజన్ పడవ కొంటాను. అదుంటేనే మిరప, లేకపోతే మిట్ట కౌలుకిచ్చేస్తా" అన్నాడు.

"కౌలుకిచ్చెయ్" అన్నాను నేను వెంటనే. "పోతే పోయింది ఎకరంన్నర. నాకు మనిషి కావాల."

"ఇచ్చేసి నేనేం చెయ్యాల? ఇట్టాగే గోడకానుకుని కూచోవాలా?"

మాటలతో ఆపలేనని తెలిసింది. అందుకే స్వామి మీద భారం వేశాను. పడవలో లోపం ఉంటే బేరం కుదరదు, కుదరకపోతే ఆయన నీళ్ళలోకి పోడు. తర్వాతి సంగతి తర్వాత.

మాచర్ల దాటాక నది ఒడ్డున చేపలు పట్టే ఒకతను పెద్ద పడవ తెచ్చుకుని పాతది అమ్ముతున్నాడని ఎవరో చెప్పారు. ఇంజన్ చూడటానికి మా ఆయన నరసరావుపేట నుంచి తన స్నేహితుణ్ణి పిలిపించాడు. బోరుబావుల ఆయిలింజన్లు బాగుచేసే సాయిబు ఆయన. నేను అన్నా అంటాను, ఆయన నన్ను చెల్లెమ్మా అంటాడు. పొద్దున బస్సుకి గురజాలలో దిగి, అక్కడ వాళ్ళ బంధువుల ఆటో తీసుకుని మా ఇంటికొచ్చాడు. నేను చీర మార్చుకుని బయటికొచ్చేసరికి మా ఆయన ముఖం చిట్లించాడు.

"ఆడదానివి, పడవ బేరానికి నువ్వెందుకే?"

"నీళ్ళలోకి పోయేది నా తాళి. నేను రాకుండా ఎట్టా కొంటావో కొను చూద్దాం."

సాయిబన్న నవ్వి, "ఎక్కించుకో భాయ్. ఇంటి దగ్గర వదిలితే ఫోన్ చేసి చంపుద్ది" అన్నాడు. ఆయనకు నా సంగతి బాగానే తెలుసు.

దారి పొడుగునా బండి వెనక కూర్చుని నేను ఊరుకున్నది లేదు. నెమ్మదిగా పొమ్మన్నాను, తొందరగా పొమ్మన్నాను, టీ తాగుదామన్నాను, ఆపితే టీ వద్దన్నాను. మాచర్లలో ఇద్దరూ టీ తాగుతుంటే నేను కొట్టు ముందు కాలుగాలిన పిల్లిలాగా తిరిగాను. లోపల ఏదో దొలుస్తోంది. పుట్టి తిరగబడ్డప్పుడు ఆయన ఏం చేశాడు? అరిచాడా? నన్ను తలుచుకున్నాడా? ఏడాదిగా ఇదే ప్రశ్న. అడిగితే బస్తాలంటాడు.

పడవ ఒడ్డు మీద నాపరాళ్ళ మీద ఎత్తిపెట్టి ఉంది. తెల్ల ఫైబరు పడవ, అంచుకు నీలం రంగు. ఇంజన్ వెనకాల తగిలించి ఉంది. అమ్మేవాడు నలభై ఏళ్ళ మనిషి, నల్లగా, బక్కగా ఉన్నాడు. నన్ను చూడగానే "రా అక్కా, కూచో" అని వేపచెట్టు నీడలో కుర్చీ వేశాడు. మంచివాడిలాగే ఉన్నాడు. దాంతో నాకు ఇంకా ఒళ్ళు మండింది. మోసగాడయితే ఎంత సుఖం! నాలుగు తిట్టి వెనక్కి వచ్చేసేదాన్ని.

కుర్చీలో నేను కూర్చోలేదు. అతను మంచినీళ్ళు తేవడానికి ఇంట్లోకి పోయాడు. ఈలోపు సాయిబన్న చొక్కా చేతులు మడిచి, "ముందు దీని గొంతు వినాల" అంటూ పడవెక్కి, ఇంజన్ తాడు పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. అది టక్కున అందుకుంది. అన్న ముఖం వెలిగిపోయింది. కళ్ళు మూసుకుని, తల ఆడిస్తూ, రేజు పెంచుతున్నాడు. మా ఆయన కూడా చెవి దగ్గరగా పెట్టి వింటున్నాడు. ఇద్దరూ పొలానికి మోటారు కొనేటప్పుడు ఎట్లా చేస్తారో అట్లాగే చేస్తున్నారు.

లోపలి నుంచి అమ్మేవాడు చెంబు పారేసి పరుగెత్తుకొచ్చాడు. "ఆపు! ఆపు సామీ! నీళ్ళు లేకుండా తిప్పుతారా ఎవరన్నా!"

అన్న ఉలిక్కిపడి ఆపేశాడు. "ఏమైందిరా నాయనా? మా ఆయిలింజన్లు ఒడ్డు మీదే గదా తిరిగేది?"

"అది ఒడ్డు మీద కూచుని నీళ్ళు లాగుద్ది. ఇది నీళ్ళలో కూచుని నీళ్ళు తాగుద్ది. తాగకపోతే లోపల రబ్బరు మాడిపోద్ది. చంపారు గదా నన్ను!"

అన్న ముఖం మాడిపోయింది. నాకు మాత్రం, చెప్పొద్దూ, లోపల ఎక్కడో దీపం వెలిగింది. రబ్బరు మాడి ఉంటే బేరం పోయినట్టే. స్వామి ఇంత తొందరగా వింటాడనుకోలేదు.

అతను సగానికి కోసిన ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి తెచ్చి, దాన్నిండా నీళ్ళు పోసి, ఇంజన్ కాలు అందులో మునిగేట్టు పెట్టాడు. "ఇప్పుడు తిప్పితే ఇంజన్ పక్కన ఈ బొక్కలోంచి సన్నగా నీళ్ళు చిమ్మాల. చిమ్మితే బాగున్నట్టు, చిమ్మకపోతే..." అని తాడు లాగాడు. ఇంజన్ మోగింది. నలుగురం ఆ బొక్క వైపే చూస్తున్నాం. చిమ్మలేదు. రాకూడదు, రాకూడదు అని నేను పళ్ళు బిగించుకుని నిలబడ్డాను. అతని ముఖంలో నెత్తురు లేదు. వెంటనే ఇంజన్ ఆపేసి, సన్నటి తీగ ముక్క తెచ్చి ఆ బొక్కలో పెట్టి కెలికాడు. ఎండిన మట్టి రాలింది. కందిరీగ గూడు కట్టుకుంది లోపల. మళ్ళీ తాడు లాగితే సన్నటి నీటిధార ఒకటి చిమ్మి, నేరుగా నా చీర కుచ్చెళ్ళ మీద పడింది.

"చూశావా అక్కా, రబ్బరుకి ఏం కాలా!" అని అతను చిన్నపిల్లాడిలా నవ్వాడు. నేను తడిసిన కుచ్చెళ్ళు పిండుకుంటూ పక్కకు పోయాను.

ఇక ఆ ఇంజన్ని వాళ్ళకు వదిలేసి నేను పడవ మీద పడ్డాను. కుండ కొనేటప్పుడు కొట్టి చూసినట్టు, వేళ్ళు మడిచి ఈ చివర్నుంచి ఆ చివరకు కొట్టుకుంటూ పోయాను. అన్నిచోట్లా ఖణ్ ఖణ్‌మంటోంది. అడుగున ఒక్కచోట మాత్రం చప్పుడు మందంగా ఉంది. వంగి చూస్తే అక్కడ తెలుపు మిగతా తెలుపు కన్నా కొత్తగా ఉంది.

"ఇక్కడ అతుకేశావు గదయ్యా!"

"అవునక్కా. రాయి తగిలింది. అది అడిగితే చెబుదామనే ఉన్నా. అతుకు గట్టిదే."

"గట్టిదని నువ్వంటే చాలా? నేను కుండ తెచ్చినా ఇంట్లో నీళ్ళు పోసి, కారట్లేదని చూశాకే పొయ్యెక్కిస్తా."

"కుండకీ పడవకీ..." అని సాయిబన్న ఏదో అనబోయాడు. అప్పటికే నేను బకెట్టు తీసుకున్నాను. పడవను నీళ్ళలో వేసి నీళ్ళు లోపలికి వస్తాయేమో చూడటం కాదు, లోపల నీళ్ళు పోసి బయటికి వస్తాయేమో చూద్దామన్నాను. అమ్మేవాడు నెత్తి గోక్కున్నాడు. మా ఆయన మాత్రం వెంటనే, "అదీ మాటే. పొయ్యండి. బాగా చూద్దాం. తొందరేముంది" అన్నాడు. నాకు ఆశ్చర్యమేసింది. నేనేదన్నా దానికి అడ్డం మాట్లాడటమే ఆయనకు అలవాటు.

నలుగురం బకెట్లతో ఏటిలోంచి నీళ్ళు మోశాం. ఎండ నెత్తి మీద కొచ్చింది. అతుకు మునిగేదాకా పోసి, కింద నాపరాళ్ళ మధ్య నేను గొంతుక్కూర్చుని, అతుకు వైపు కన్నార్పకుండా చూస్తున్నాను. ఒక్క చుక్క పడితే చాలు. ఒక్క చుక్క! సాయిబన్న నీడలోకి పోయి కూర్చున్నాడు. మా ఆయన మాత్రం పడవ చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. ఇంజన్ తగిలించే వెనక చెక్క లోపల పుచ్చిందేమో పొడిచి చూడమన్నాడు. పెట్రోలు పైపు మార్చింది ఎప్పుడని అడిగాడు. బరువు ఒక పక్కకు పెడితే ఒరుగుతుందా అన్నాడు. ఎంత గాలికి తట్టుకుంటుందన్నాడు. గాలి ఎదురొస్తే ఎట్లా, పక్కనుంచి వస్తే ఎట్లా అన్నాడు. బేరం తగ్గించడానికి ఎత్తులు వేస్తున్నాడు, ఎంతైనా తెలివైనవాడే అనుకున్నాను.

ఒక చుక్క పడింది. నేను "అదిగో! కారతంది!" అని కేకేసి లేచాను, తల పడవ అంచుకు ఠాంగుమని తగిలింది. అతను వచ్చి వంగి చూసి, చుక్క అతుకు దగ్గర కాదు, నీళ్ళు వదిలే బిరడా దగ్గర అన్నాడు. బిరడా ఊడదీయకుండానే గట్టిగా తిప్పి బిగించాడు. చుక్క ఆగిపోయింది. ఎంతసేపు చూసినా మళ్ళీ పడలేదు. అతుకు ఎండిన కట్టెలాగా పొడిగా ఉంది.

"రాత్రంతా ఉంచి పొద్దున చూస్తే?" అన్నాడు మా ఆయన.

అతనికి ఓపిక అయిపోయింది. "ఏందన్నా ఇది! పడవ కొనడానికొచ్చారా, దాన్ని కోర్టులో నిలబెట్టడానికొచ్చారా? అక్క ఒక పక్క, నువ్వొక పక్క. ఇంజన్ చూశారు, అతుకు చూశారు. ఇక నీళ్ళలో వేసి తిప్పి చూపిస్తా. నచ్చితే తీసుకోండి, లేకపోతే లేదు."

బిరడా తీసి నీళ్ళు వదిలేసి, మళ్ళీ బిగించి, నలుగురం పట్టి పడవను ఏటిలోకి తోశాం. అతను ఇంజన్ దగ్గర కూర్చున్నాడు. సాయిబన్న పంచె పైకి కట్టుకుని ఎక్కి, ముందు చెక్క మీద కూర్చున్నాడు. "రా భాయ్" అన్నాడు.

మా ఆయన పడవ తాడు పట్టుకుని ఒడ్డున ఉన్నాడు. ప్యాంటు మడిచాడు. మడిచింది విప్పి మళ్ళీ మడిచాడు. "గాలి ఎక్కువుంది గదా" అన్నాడు.

"గాలేడుందన్నా? ఆకు గూడా కదలట్లా."

"మబ్బు పడతంది."

ఆకాశంలో మబ్బు తునక లేదు. ఏం నాటకాలాడుతున్నాడీ మనిషి, పొద్దున్నుంచి ఎండలో చంపి ఇప్పుడు వర్జ్యం చూస్తున్నాడా అని నోరు తెరిచి ఆయన వైపు తిరిగాను. తిట్టు నోట్లోనే ఆగిపోయింది.

ఒక కాలు నీళ్ళలో ఉంది. చీలమండ దాకా. రెండో కాలు ఒడ్డున బురదలో ఉంది, వేళ్ళు బురదలోకి దిగి బిగుసుకుపోయి ఉన్నాయి. పెదవులు తెల్లబడ్డాయి. పడవను చూడటంలేదు. దాని కింద నీళ్ళను చూస్తున్నాడు.

అప్పుడు నాకు పొద్దున్నుంచి జరిగిందంతా గిర్రున తిరిగింది. గాలి గురించి అన్ని ప్రశ్నలు, రాత్రంతా ఉంచుదామనడం. బేరమూ కాదు, తెలివీ కాదు. నేను ఏ లోపం కోసం వెతికానో ఆయనా దానికోసమే వెతికాడు. ఏడాదిగా బస్తాలు పోయాయని చెప్పిన మనిషి ఇంకా ఆ నడినీళ్ళలోనే ఉన్నాడు. ఒడ్డున నిలబడి ఉన్నాడంతే. గోడకు ఆనుకుని కూర్చున్న ఆ మనిషిని ఎన్నిసార్లు "ఏందయ్యా బొమ్మలాగా" అని విసుక్కున్నానో!

నాకు కావలసింది దొరికింది. "పదవయ్యా, ఇంటికి పోదాం" అంటే చాలు. వెంటనే వచ్చేసేవాడు. మిట్ట కౌలుకిచ్చేసేవాడు. బతికినన్నాళ్ళూ నీళ్ళ జోలికి పోడు. నా మొక్కు తీరినట్టే. కానీ ఆ గోడ, ఆ టీవీ, ఆ చూపు గుర్తొచ్చాయి. నీళ్ళు మింగకుండా వదిలేసిన మనిషిని ఆ గోడ మింగేస్తుంది.

నేను చీర పైకి దోపుకున్నాను. బుద్ధెరిగినప్పటి నుంచి పుట్టి గానీ పడవ గానీ ఎక్కినదాన్ని కాదు. నీళ్ళలోకి దిగి, పడవ అంచు పట్టుకుని కాలు వేశాను. పడవ ఒక్కసారిగా నా వైపు ఒరిగింది. "అమ్మో! ఓరి నాయనో!" అని ఊరంతా వినపడేట్టు అరిచాను. సాయిబన్న చెయ్యి అందించి లాగితే ధబ్బుమని చెక్క మీద కూలబడ్డాను. కింద అంతా ఊగుతోంది. నాకు నిజంగానే భయమేసింది, నటన కాదు.

"నాకు భయమేస్తందయ్యా" అన్నాను ఆయనతో. "చానా భయమేస్తంది. వచ్చి నా పక్కన కూచో."

ఆయన నన్ను చూశాడు. ఆ చూపు నీళ్ళ మీద నుంచి నా మీదకు రావడానికి చాలాసేపు పట్టింది. తర్వాత బురదలోంచి రెండో కాలు పీక్కున్నాడు. ఎక్కాడు. వచ్చి పక్కన కూర్చుని నా మణికట్టు పట్టుకున్నాడు. గాజులు చర్మంలోకి దిగబడేంత గట్టిగా పట్టుకున్నాడు.

పడవ కదిలింది. ఇంజన్ పక్కన సన్నటి ధార చిమ్ముతూనే ఉంది. సాయిబన్న దాన్నే చూస్తూ కూర్చున్నాడు, మా వైపు చూడలేదు. అడుగున అతుకు పొడిగా ఉంది. నడినీళ్ళలోకి వచ్చాక మా ఆయన నా చెవి దగ్గర అన్నాడు:

"ఆ రోజు నేను అరవలేదే. అరుద్దామంటే నోరు రాలా. నువ్వు ఇంట్లో చారు పెడతా ఉంటావు, నేను రాలేదని తిడతా ఉంటావు అనుకున్నా."

ఇంజన్ మోతలో ఆ మాట ఇంకెవరికీ వినపడలేదు. నేను ఏడ్చాను. నీళ్ళు తుళ్ళి ముఖం మీద పడుతున్నాయి కాబట్టి ఎవరికీ తెలియలేదు.

ఒడ్డుకొచ్చాక అమ్మేవాడు ఇంజన్ ఆపి అడిగాడు. "ఏమంటావన్నా? కుదిరినట్టేనా?"

మా ఆయన నా వైపు చూశాడు. కోటప్పకొండకు ఇక నడిచే పోవాలి, బేరం చెడగొట్టమని మొక్కి నేనే బేరం కుదురుస్తున్నందుకైనా పోవాలి అనుకున్నాను.

"కుదిరింది. కానీ నీళ్ళలో మునక్కుండా వేసుకునే జాకెట్లు రెండియ్యాల" అన్నాను.

"పోయేది అన్న ఒక్కడే గదక్కా? ఒకటి చాలదా?"

"ఒక్కణ్ణి పంపిస్తానని నీకెవరు చెప్పారు?" అని లేచి, చెక్కలు పట్టుకుంటూ వెనక్కి పోయాను. "జరుగు. ఆ తాడు ఎట్టా లాగాలో ముందు నాకు చూపించు."

అతను జరిగాడు. తాడు పిడి పట్టుకున్నాను. పడవ ఊగుతోంది. వెనక నుంచి మా ఆయన లేచి వచ్చి, నా నడుం దగ్గర చీర గట్టిగా పట్టుకున్నాడు.

"కాళ్ళు ఎడంగా పెట్టవే" అన్నాడు విసుగ్గా. "పడి చస్తావు."